మూత పెట్టిన కంచం

ఫ్రిస్కో,
14 సెప్టెంబరు 2024.

అమ్మాయ్ సుధా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకుని కలం ఆపాను. నా కుశలం నాకు తెలుసు, నీ కుశలం నువ్వు చెప్తే గదా తెలిసేది. అందుకని సగం కుశలంతోనే మొదలుపెడుతున్నాను. మీ మామకి చెవులు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి.

నువ్వు ఆష్‌బర్న్ వెళ్ళి ఇవాళ్టికి నాలుగు వారాలు. నా మనవరాలు ఇషిత ఫోన్ తెచ్చి నా ముందు పెడుతుంది. అందులో నీ పెదాలు కదులుతుంటాయి, నేను చెయ్యి ఊపుతుంటాను. రైలెక్కినవాళ్ళకి టాటా చెప్పినట్టు ఉంటుంది తప్ప మాట్లాడినట్టు ఉండదు. మావాడు శశి కొనిపెట్టిన చెవి మిషను పెట్టుకుంటే ఫ్రిజ్ మోత ఒక్కటే వినిపిస్తోంది. మెసేజ్ పెడతానంటావు గానీ ఆ చీమ తలకాయలంత అక్షరాలు నా కంటికి ఆనవు. నువ్వు తెలుగు మీడియం పిల్లవి, నీ చేతిరాత గుండ్రంగా ఉంటుందని మీ నాన్న గొప్పలు పోయేవాడు. కాగితం మీద పెద్దగా రాయి. వీధి చివర పోస్టు డబ్బా తాళంచెవి నా దగ్గరే ఉంది. కారు లేకుండా ఈ ఊళ్ళో నేను వెళ్ళగలిగిన చోటు అదొక్కటే.

అసలు సంగతికొస్తాను. సాయంత్రం ఏం తింటున్నావు?

నవ్వకు. ఒంగోల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు మెస్ నడిపినవాణ్ణి. ఇల్లొదిలి వేరే ఊళ్ళో ఉద్యోగం చేసేవాళ్ళకి పగలు ఏమీ కాదు. ఆఫీసుంటుంది, పక్కన మనుషులుంటారు. ఆరు దాటాకే కష్టం. గదికి పోతే గోడలు, బయటికొస్తే రోడ్డు. ఏడున్నరకి వడ్డన అని బోర్డు పెడితే ఆరుంబావుకే వచ్చి పేపర్ తిరగేస్తూ కూర్చునేవాళ్ళు. ఆకలేసి కాదు.

మీ నాన్న బ్యాంకు బదిలీ మీద వచ్చి మూడేళ్ళు నా దగ్గర తిన్నాడు. ఆడిట్ రోజుల్లో ఆలస్యమైతే ఆయన కంచంలో అన్నీ వడ్డించి, మూత పెట్టి పక్కన ఉంచేవాణ్ణి. మా మెస్‌లో రూలు ఒకటే. రాని పూట పొద్దున్నే చెప్పాలి. చెప్పలేదంటే వస్తున్నట్టే, కంచం ఉన్నట్టే. ఒకరోజు ఆయన ఆ కంచం మీద మూత తీస్తూ, “బ్రహ్మయ్యగారూ, మా అమ్మాయిని మీవాడికి చేసుకుంటారా?” అని అడిగాడు. అదీ నీ పెళ్ళిచూపులు.

ఇప్పుడు నీ సంగతి చెప్తాను. ఫ్రిజ్ మీది తెల్లపలక మీద ‘ప్రాజెక్టు, ఆరు నెలలు’ అని రాసి వెళ్ళావు. ఏ పూటకి రావో రాయలేదు. కాబట్టి రోజూ నీ కంచం పెడుతున్నాను. ‘Thatha, she is in Virginia’ అని ఇషిత పలక మీద రాసి నన్ను వెక్కిరించింది. తెల్లారి ఆ అన్నంలో మజ్జిగ పోసుకుని నేనే తింటాననుకో. శశి మాత్రం బాగా తింటున్నాడు, రెండోసారి కూడా పెట్టించుకుంటున్నాడు.

జవాబు రాయి. ఎలా ఉన్నావో రాయక్కర్లేదు, ఏం తిన్నావో రాయి. మిగతాది నేను చదువుకుంటాను.

మీ మామ,
బ్రహ్మయ్య.

---

ఆష్‌బర్న్,
24 సెప్టెంబరు 2024.

మామయ్యా, నమస్కారం.

మీ ఉత్తరం అందింది. కవరు మీద మన ఇంటి అడ్రస్ చూసి చాలాసేపు తెరవలేదు. ఉత్తరం అందుకుని ఎన్నేళ్ళయిందో. అమెరికాలో ఇన్నేళ్ళున్నా స్టాంపు ఎంతో నాకు తెలియదని ఇవాళే తెలిసింది.

నేను బాగున్నాను. ఉమామహేశ్వరిగారని, ఒకావిడ టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో గది తీసుకున్నాను. ఆఫీసు చుట్టూ అన్నీ డేటా సెంటర్లే. కిటికీల్లేని గోడౌన్లలా ఉంటాయి, లోపల మనుషులు తక్కువ, మిషన్లు ఎక్కువ. మీరు ఉంటే ‘ఇంత పెద్ద ఇల్లు కట్టి వంటగది పెట్టలేదేమిటి’ అనేవారు.

సాయంత్రం ఆరున్నరకి బయటపడతాను. ఏడింటికి గదికి చేరుకుంటాను. భోజనానికి దిగులు లేదు. ఇక్కడొకావిడ ఆఫీసులవాళ్ళకి క్యారియర్ ఇస్తుంది. పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నీ ఉంటాయి. బాగా ఉంటుంది. కడుపునిండా తింటున్నాను. మీరు బెంగ పెట్టుకోవద్దు.

ఇషిత స్కూల్ నుంచి రాగానే చేతులు కడుక్కుంటోందా? దానికి బెండకాయ వేపుడు మెత్తగా ఉంటే తినదు. లెక్కల హోంవర్క్ మాత్రం శశిని చూడమనండి. మీరు చిన్నప్పటి ఎక్కాల పద్ధతి చెప్తే అక్కడ టీచర్ ఒప్పుకోదు.

నా కంచం మాత్రం పెట్టకండి మామయ్యా. అన్నం వృథా.

మీ కోడలు,
సుధ.

---

ఫ్రిస్కో,
6 అక్టోబరు 2024.

అమ్మాయ్ సుధా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తిండి గురించి అయిదు ముక్కలు రాశావు, ఒక్కదాన్లో ఉప్పు లేదు. నిజంగా తిన్నవాడు కూర పేరు చెప్తాడమ్మా. తిననివాడే ‘అన్నీ ఉంటాయి’ అంటాడు. నీ క్యారియర్ ఆవిడ నిన్న ఏం కూర పంపింది? ముదురు వంకాయా, లేత వంకాయా? పులుసులో బెల్లం వేసిందా? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్వాలేదంటారు. నీకు అక్కడ వడ్డించేవాళ్ళే ఉన్నట్టు లేదు.

మెస్‌లో ఈ చూపు అలవాటైపోయింది. అన్నం కలిపే చెయ్యి చూస్తే ఇంట్లో సంగతి తెలిసిపోయేది. పెళ్ళాంతో గొడవపడ్డవాడు పప్పు కలిపి కలిపి వదిలేస్తాడు. పిల్లకి జ్వరమని కబురు వచ్చినవాడు మజ్జిగతో సరిపెట్టుకుని లేస్తాడు. మనసు కుదుటపడ్డవాడు మాత్రం రెండో వడ్డన అడుగుతాడు. ఇందులో నేను ఒక్కసారీ తప్పలేదు.

ఒక డబ్బా పంపుతున్నాను. కందిపొడి, కరివేపాకు పొడి, కొత్తగా కలిపిన గోంగూర. వేడన్నంలో నెయ్యి వేసుకుని తిను. అన్నం వండుకోవడానికి వీలుందా? అది కూడా రాయలేదు నువ్వు.

ఒక సంగతి చెప్పాలి, కోపం తెచ్చుకోకు. నీ పోపులడబ్బా పై అరలో ఉంటే అందడం లేదని కింద పెట్టాను. బియ్యం సీసాలోంచి తీసి నా డబ్బాలో పోశాను. నీ నాన్‌స్టిక్ పెనం నా చేతిలో గీతలు పడింది. వంటింటికి వచ్చి నాలుగు నెలలైనా కాలేదు, అప్పుడే రాజ్యం ఏలుతున్నాడు ముసలాడు అనుకుంటావేమో. నువ్వు వచ్చాక ఎక్కడివక్కడ పెట్టేస్తాను.

కంచం పెట్టొద్దన్నావు. ఎప్పటికి పెట్టొద్దో చెప్పలేదు. అలా కుదరదు.

మీ మామ,
బ్రహ్మయ్య.

---

ఆష్‌బర్న్,
15 అక్టోబరు 2024. పోస్ట్ చేయలేదు.

మామయ్యా,

ఇది మీకు పంపను. పంపనని తెలిశాకే చెయ్యి సాగుతోంది.

క్యారియర్ ఆవిడ లేదు. నేనే పుట్టించాను. నా గదిలో స్టవ్ లేదు, మైక్రోవేవ్ ఒక్కటే. పైన వంటిల్లు వాడుకోవచ్చు గానీ ఆరులోపే. ఆ తర్వాత వాళ్ళింట్లో భోజనాల వేళ. నేను ఏడింటికి వస్తాను. మెట్లు దిగుతుంటే పైన పోపు వాసన వస్తుంది. సింక్ దగ్గర నిలబడి పాలల్లో సీరియల్ తింటాను. కూర్చుంటే ఎదురుగా ఎవరూ లేరని తెలుస్తుంది, అందుకని కూర్చోను. మీ గోంగూర డబ్బా తెరిచి వాసన చూసి మూత పెట్టేశాను. అది అన్నంలోకి గదా, అన్నమేది.

నేను ప్రాజెక్టు కోసం రాలేదు. ప్రాజెక్టు వస్తే పారిపోయి వచ్చాను. శశీ నేనూ జులైలోనే విడిపోవాలని తేల్చుకున్నాం. లాయర్లు మాట్లాడుకుంటున్నారు. ఇషితకి స్కూల్ మధ్యలో మార్చకూడదని అక్కడ వదిలి వచ్చాను.

ఎందుకు అని అడుగుతారు. పెద్ద కారణం చెప్పమంటే చెప్పలేను మామయ్యా. పదకొండేళ్ళలో మెల్లగా మాటలు పోయాయి. మిగిలినవి అరుపులు. మీరు జూన్‌లో వచ్చారు. అత్తయ్య పోయి ఆర్నెల్లు, మెస్ మూసేసి, ఇక ఇక్కడే ఉంటానని రెండు సూట్‌కేసులతో వచ్చారు. మీ ముందైనా తగ్గుతామనుకున్నాను. తగ్గలేదు. మీ వెనకాలే నిలబడి ఒకరినొకరం అనకూడనివన్నీ అనుకున్నాం. మీరు తాలింపు వేస్తూ వెనక్కి తిరిగి మా ఇద్దరి వైపూ చూసి నవ్వారు. “ఘాటుగా ఉందా?” అని అడిగారు. ఆ రోజే నేను వెళ్ళిపోవాలనుకున్నాను.

మీకు చెప్పేస్తానన్నాను. శశి వద్దన్నాడు. అమ్మ పోయి ఏడాదైనా తిరగలేదు, నేనే టైమ్ చూసి చెప్తాను, నువ్వు రాయనని మాటివ్వు అన్నాడు. ఇచ్చాను. ‘పాలు అయిపోయాయి’ అని రాసే పలక మీద ఇది ఎలా రాయనని అడిగాడు.

శశి రెండోసారి పెట్టించుకుంటున్నాడని మీరు సంతోషపడ్డారు. నిజమే, మనసు కుదుటపడి ఉంటుంది. నేను లేను గదా.

సుధ.

---

ఆష్‌బర్న్,
16 అక్టోబరు 2024.

మామయ్యా, నమస్కారం.

మీ దగ్గర దొంగతనం దాగదు. నిన్న బీరకాయ పప్పు, దొండకాయ వేపుడు, చారు. పులుసు లేదు. దొండకాయ కాస్త మాడింది. చాలా?

మీ గోంగూర అద్భుతం. రోజూ రెండు ముద్దలు దానితోనే. పోపులడబ్బా ఎక్కడున్నా నాకు ఒకటే, మీ చేతికి అందడమే ముఖ్యం. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, అందుకే ఈసారి చిన్న ఉత్తరం.

మీ కోడలు,
సుధ.

---

ఫ్రిస్కో,
2 డిసెంబరు 2024.

అమ్మాయ్ సుధా,

దొండకాయ మాడిందని రాసినందుకు ఆ రోజు చాలా సంతోషించాను. ఇవాళ రాసేది అలాంటి ఉత్తరం కాదు.

థాంక్స్‌గివింగ్‌కి నువ్వొస్తావని నాలుగు రోజుల ముందే సున్నుండలకి మినుములు వేయించుకున్నాను. ‘సుధకి సెలవు దొరకలేదు’ అని శశి పలక మీద రాశాడు. సరే, ఉద్యోగం. ఇషితని స్నేహితురాలి ఇంట్లో పడుకోవడానికని రెండు రాత్రులు పంపించాడు. ఆదివారం తిరిగొచ్చింది. జుట్టు తడిగా ఉంది, ఈతకొలను నీళ్ళ వాసన. స్నేహితురాలి ఇంట్లో కొలనుందా అని అడిగితే పిల్ల పలక అందుకుని ‘Mom's hotel has a warm pool’ అని రాసింది. రాసి, నా మొహం చూసి, వెంటనే తుడిచేసింది. నాకు ఇంగ్లీషు ఆ మాత్రం వచ్చు.

ఊరికొచ్చావు. ఇంటికి రాకుండా హోటల్లో దిగావు. హోటల్లో తిన్నావు. ఆ రెండు రాత్రులూ నేను నీ కంచం పెట్టి, మూత పెట్టి కూర్చున్నాను.

కోపంతో రాయడం లేదమ్మా. కోపం మొదటి గంట ఉంది, తర్వాత పోయింది. సోఫాలో కూర్చుని ఆలోచించాను. శశితో ఏమైనా పొరపొచ్చాలా అనుకున్నాను. కాదు. మీరిద్దరూ ఒక మాట అనుకోవడం నా కళ్ళతో చూడలేదు. వాడు కంచం ఖాళీ చేసి, చెయ్యి నాకి మరీ లేస్తున్నాడు. పెళ్ళాంతో గొడవ ఉన్నవాడు అలా తినడు. వాడి మనసులో ఏమీ లేదు.

మరి ఇంక మిగిలిందెవరు? నేను జూన్‌లో వచ్చాను. నువ్వు ఆగస్టులో వెళ్ళావు. నీ వంటిల్లు ఆక్రమించాను. నీ డబ్బాలు మార్చాను. పొద్దున్నే నాలుగింటికి లేచి గిన్నెలు మోగిస్తానని మీ అత్త ఎప్పుడూ తిట్టేది, నాకేమో ఆ మోత వినిపించదు. ఆఫీసు నుంచి అలిసి వచ్చిన ఇల్లాలికి తన వంటింట్లో తనకే చోటు లేకపోతే ఎలా ఉంటుందో నాకు తట్టలేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఊరికే అన్నారా.

నా వల్లేనా, ఒక్క ముక్క రాయి. కాదని మొహమాటపడి రాయకు. నిజం రాయి.

బ్రహ్మయ్య.

---

ఆష్‌బర్న్,
12 డిసెంబరు 2024.

మామయ్యా,

మీ కాళ్ళు పట్టుకుని చెప్పాలి, కానీ కాగితం మీద కుదరడం లేదు. మీ వల్ల కాదు. ముమ్మాటికీ మీ వల్ల కాదు. ఆ ఇంట్లో మీరున్నారు కాబట్టే ఇషితని వదిలి ఇక్కడ నిద్రపోగలుగుతున్నాను. సాయంత్రం అది బస్సు దిగి వచ్చేసరికి తలుపు తెరిచే మనిషి ఉన్నాడన్న ఒక్క ధైర్యంతో రోజు గడుస్తోంది.

హోటల్ సంగతికి క్షమించండి. మీకు చెప్పకుండా రావడం తప్పు. ఎందుకలా చేశానో ఇప్పుడు రాయలేను. రాసే హక్కు నాకొక్కదానికే లేదు. శశిని అడగండి. దయచేసి శశినే అడగండి.

వేళకి మందులు వేసుకోండి. సున్నుండలు మిగిలితే ఇషిత స్కూల్ డబ్బాలో పెట్టండి, తింటుంది.

మీ కోడలు,
సుధ.

---

ఫ్రిస్కో,
11 జనవరి 2025.

చిరంజీవి సుధకు దీవెనలు.

నీ ఉత్తరం చదివి నీ మీద గౌరవం రెట్టింపైంది. ‘మీ వల్ల కాదు’ అని రెండుసార్లు రాశావు. ఒకసారి రాసి ఉంటే నమ్మేవాణ్ణేమో. మావగారి మీద మొగుడి దగ్గర ఫిర్యాదు చేసి, ఆ మాట నీ నోటితో మాత్రం నాకు చెప్పనన్నావు. మీ నాన్న పెంపకం. ఆయన కూడా చారులో ఉప్పు ఎక్కువైన రోజు, ‘ఇవాళ దాహం వేస్తోంది’ అనేవాడే గానీ ఉప్పెక్కువైందని ఏనాడూ అనలేదు.

శశిని అడగమన్నావు. అడగలేదు. అడిగితే వాడు నాకూ నీకూ మధ్య నలుగుతాడు. అడగకుండానే తేల్చుకునే దారి చూశాను. పలక మీద ‘నేను ఒంగోలు వెళ్ళిపోతాను’ అని రాసి వాడికి చూపించాను. ఎందుకు నాన్నా అంటాడేమోనని పక్కన బట్ట కూడా పట్టుకుని నిలబడ్డాను, తుడిచి ఇంకో ముక్క రాద్దామని. వాడు చదివాడు. కిందికి చూశాడు. ఆ సాయంత్రమే ఫిబ్రవరి ఇరవైకి టికెట్ బుక్ చేసి కాగితం చేతిలో పెట్టాడు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. దాంతో నాకున్న ఆ కాస్త అనుమానమూ పోయింది.

బాధ లేదమ్మా. ఉండదని కాదు, ఉంది, కానీ అది నేను చూసుకుంటాను. ఎదుటి ఇంటి శ్రేయాస్ వాళ్ళ అమ్మగారు ముందే వెళ్తున్నారట. తోడుంటుంది గదా, తేదీ మార్చమని శశితో అంటున్నాను.

నేను వెళ్ళాక నువ్వు ఇంటికి వచ్చేయాలి. ఇదొక్కటే నేను అడిగేది. పిల్లకి తల్లి కావాలి. నేను అన్నం పెడతాను గానీ అది స్కూల్లో జరిగింది చెప్తుంటే నాకు వినపడదు. పెదాలు చూస్తూ తల ఊపుతాను. అది మధ్యలో ఆపేసి నా మొహంలోకి చూస్తుంది. ఆ సమయానికి నువ్వుండాలి.

నీ పోపులడబ్బా పై అరలో పెట్టేశాను. బియ్యం సీసాలో పోశాను.

మీ మామ,
బ్రహ్మయ్య.

---

ఆష్‌బర్న్,
18 జనవరి 2025.

మామయ్యా,

వెళ్ళకండి. ఈ ఉత్తరం చదివేవరకు సూట్‌కేసు సర్దకండి.

మీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నిలబడి చదివాను, తర్వాత నేల మీద కూర్చున్నాను. వెంటనే శశికి ఫోన్ చేశాను. “నేను చెప్తాలే, ఇంకా నెల టైముందిగా” అన్నాడు. ఆర్నెల్లుగా అదే మాట. నేను వాడికిచ్చిన మాట ఇవాళ్టితో చెల్లిపోయింది.

శశీ నేనూ విడిపోతున్నాం. కోర్టులో ఉంది. జులైలోనే నిర్ణయించుకున్నాం. మీరు రాకముందు నుంచీ మా మధ్య ఏమీ మిగల్లేదు. పోపులడబ్బా కాదు, గిన్నెల మోత కాదు, మీరు కాదు. మీకు వినిపించదు కాబట్టి మీ కళ్ళ ముందే పోట్లాడుకున్నాం. మీరు చూస్తే నవ్వాం. అంత మోసం చేశాం మిమ్మల్ని.

నేను తిరిగి ఆ ఇంటికి రాను. మీరున్నా రాను, వెళ్ళినా రాను. అందుకే మీరు వెళ్ళకూడదు. మీరు వెళ్తే ఇషిత సాయంత్రాలు ఎవరితో గడుపుతుంది? శశి ఏడింటికి గానీ రాడు. నేను ఇక్కడ ఒంటరిగా తినడం అలవాటు చేసుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ అలవాటు చేయకండి.

మీ మెస్ రూలు నేనే తప్పాను. రాని పూట పొద్దున్నే చెప్పాలి. ఇప్పుడు చెప్తున్నాను. నేను రాను మామయ్యా. నా కంచం తీసేయండి. మీరు మాత్రం అక్కడే ఉండండి.

సుధ.

---

ఒంగోలు,
16 ఫిబ్రవరి 2025.

సౌభాగ్యవతి సుధకు,

ఈ కవరు మీద ఫ్రిస్కో అడ్రస్ రాసి, దాని పైన నీ పేరు రాస్తుంటే ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్ళూ నీ పేరు కింద ఇంకో ఊరు రాయాల్సి వచ్చేది.

శ్రేయాస్ వాళ్ళ అమ్మగారితో కలిసి జనవరి ఇరవై రెండునే బయల్దేరాను. నా ఆఖరి ఉత్తరానికి నీ జవాబు రాలేదు. రాకపోవడమే మంచిదైంది. వద్దని రాస్తే ఆగిపోయేవాణ్ణేమో. ముసలితనం, ఆశ ఎక్కువ. విమానాశ్రయంలో ఇషిత నా చొక్కా పట్టుకుని వదల్లేదు. ఏదో చాలాసేపు చెప్పింది. పలక తేలేదు మేము. అమ్మ వచ్చేస్తుందిలే అన్నాను. ఏమందో నువ్వు అడిగి నాకు రాయి.

ఇక్కడ లాయర్‌పేటలో ఒక గది తీసుకున్నాను. మన దగ్గర వడ్డన చేసిన జగన్మోహన్ గుర్తున్నాడా, మీ పెళ్ళిలో ఇంత పొడుగు గరిటె పట్టుకుని తిరిగాడు. వాడిప్పుడు సొంత మెస్ పెట్టాడు. నెల టికెట్టు పుస్తకం తీసుకున్నాను. వద్దు బాబాయ్, ఊరికే తినమన్నాడు. నేను ఒప్పుకోలేదు, టికెట్టు చింపి ఇస్తేనే దర్జా. ఏడున్నరకి వడ్డన. నేను ఆరుంబావుకే వెళ్ళి పేపర్ తిరగేస్తూ కూర్చుంటాను. ఆకలేసి కాదు. వాడి పప్పులో పోపు మాడుతుంది. చెప్పను. ఇవాళ దాహం వేస్తోందిరా అంటాను.

ఇంట్లో నీ వంట నువ్వు చేసుకుంటున్నావు. ఇషిత బస్సు దిగి నీకు కబుర్లు చెప్తోంది. శశి రెండోసారి పెట్టించుకుంటున్నాడు. రోజూ సాయంత్రం మెస్‌లో కూర్చుని ఇది తలుచుకుంటాను. ఇంత దూరం వచ్చినందుకు అది చాలు నాకు.

ఇంక నీ కంచం ఎవరూ పక్కన పెట్టక్కర్లేదు. ఏ కూర చేశావో పేరుతో సహా రాయి.

మీ మామ,
బ్రహ్మయ్య.

---

ఆష్‌బర్న్,
14 మార్చి 2025. పోస్ట్ చేయలేదు.

మామయ్యా,

పోస్టు డబ్బా తాళంచెవి మీరు ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళారట. శశి అన్ని వారాలూ డబ్బా తెరవలేదు. పోయిన వారం తెరిస్తే రెండు కవర్లు ఉన్నాయి. నేను మీకు రాసింది, మీరు నాకు రాసింది. రెండూ ఒకే పెద్ద కవర్లో పెట్టి నాకు పంపాడు. నా ఉత్తరం అంటించినట్టే ఉంది. అది చదివి కూడా మీరు వెళ్ళిపోయారనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఫోన్ చేసి అడిగాను. “నువ్వే చెప్పేశావనుకున్నాను. నాన్న అడగలేదు, నేను చెప్పలేదు” అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం అరుచుకోలేదు.

తీర్పు వచ్చింది. ఇషిత వాడి దగ్గరే. నాకు నెలకోసారి శని, ఆదివారాలు, వేసవిలో నాలుగు వారాలు. స్కూల్ అయ్యాక ఆరింటి దాకా ఆఫ్టర్ కేర్‌లో ఉంటోంది. ఇంటికొచ్చి ఫ్రీజర్‌లో ఉన్నది వేడిచేసుకుంటుందట. నిన్న వీడియోలో చూశాను, వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటోంది. కూర్చుని తినమ్మా అన్నాను. “It's faster this way, Mom” అంది. విమానాశ్రయంలో తాతతో ఏం చెప్పావని అడిగాను. ‘నువ్వు వెళ్తే అమ్మ రాదు, తాతా’ అని చెప్పిందట. మూడుసార్లు చెప్పిందట.

ఆ పాత ఉత్తరాన్ని ఇప్పుడు ఒంగోలు పంపొచ్చు. చదివితే మీకు ఏం తెలుస్తుంది? మీరు వెళ్ళిపోవడం వల్ల ఒరిగిందేమీ లేదని. రోజూ ఆరుంబావుకి మెస్‌లో మీరు తలుచుకునే ఆ కాస్త కూడా లాక్కోవాలి. నాకు చేతులు రావడం లేదు. నేను చేసిన అన్ని తప్పుల్లో ఇది పెద్దదో చిన్నదో తెలియదు. చేయబోతున్నాను. కవరు మీద పోస్టు ముద్ర మీ కంటికి ఆనదు.

సుధ.

---

ఫ్రిస్కో,
15 మార్చి 2025.

మామయ్యా, నమస్కారం.

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఇల్లు సర్దుకునేసరికి ఇన్ని రోజులైంది. మేమందరం బాగున్నాం. పోపులడబ్బా మళ్ళీ కిందికే దించాను, మీరు పెట్టిన చోటే బాగుంది.

ఇషిత ఆ రోజు ఏం చెప్పిందో అడిగాను. తాతా, మళ్ళీ త్వరగా రా అని చెప్పిందట.

జగన్మోహన్‌తో పోపు మాడుతోందని చెప్పేయండి మామయ్యా. మొహమాటపడకండి.

కూర పేరు అడిగారు. ఇవాళ గుత్తివంకాయ. లేత వంకాయలే దొరికాయి. మామిడికాయ పప్పు, చారు. నలుగురం పట్టే టేబుల్ గదా, ముగ్గురం కూర్చుని తిన్నాం. ఇషిత రెండోసారి పెట్టించుకుంది.

మీ కోడలు,
సుధ.